కార్తె తప్పిన రెక్కలు

నైరుతి రుతుపవనాలు కేరళ గడప తొక్కడానికి మామూలు తేదీ జూన్ 1. 2023లో అవి జూన్ 8న వచ్చాయి, సరిగ్గా మృగశిర ప్రవేశించే వేళకు. 2025లో మే 24నే వచ్చేశాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. అప్పటికి రోహిణి కార్తె ఇంకా మొదలే కాలేదు. రోళ్లు పగలాల్సిన రోజుల్లో చూర్లు కారాయి. మేడ మీద మిరపకాయలు ఎండబోసినవాళ్లు పరుగులు తీశారు. దుక్కి దున్నాలా, ఇంకో వాన చూడాలా అని రైతు తర్జనభర్జన పడ్డాడు. మనకైతే వాతావరణ శాఖ బులెటిన్ ఉంది, చేతిలో ఫోన్ ఉంది, గోడకు పంచాంగం ఉంది. ఇవేమీ లేకుండా వాన రాకడను కనిపెట్టి, దాన్నిబట్టి సంసారం నడుపుకునే జీవులు మన చుట్టూ కోట్లలో ఉన్నాయి. సీతాకోకచిలుకలు వాటిలో ఒకటి.

పశ్చిమ కనుమల్లో ఏటా ఏప్రిల్, జూన్ నెలల మధ్య, కుంభవృష్టి మొదలవకముందే, నల్లటి రెక్కల మీద లేత నీలం చారలున్న సీతాకోకచిలుకలు వేలకు వేలు తూర్పు ముఖం పడతాయి. డార్క్ బ్లూ టైగర్, బ్లూ టైగర్ అని వాటి పేర్లు. వాటితోపాటు కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో అనే ముదురు గోధుమ రంగువీ ఉంటాయి. కొండలు దిగి, మైదానాలు దాటి, తూర్పు కనుమల వైపు వస్తాయి. ఇక్కడ వాన మరీ కుండపోత కాదు, లేత ఆకుకు లోటూ ఉండదు. గుడ్లు పెడతాయి. ఆ పిల్లల తరం పెరిగి పెద్దదై అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వేళకు పడమటి కొండలకు మళ్లుతుంది. వచ్చినవి తిరిగి వెళ్లవు. వెళ్లేవి ఆ దారి ఎన్నడూ చూడనివి. దారి చూపించే పెద్దలు ఎవరూ మిగలరు. అయినా ఏటా ఈ రాకపోకలు జరుగుతూనే ఉన్నాయి.

బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో కృష్ణమేఘ కుంటె, వైశాలి భౌమిక్ ఈ వలసల మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. వలసలో ఉన్న ఆడ సీతాకోకల పొట్టలో గుడ్లు ఇంకా ఎదగని దశలోనే ఉంటాయని అందులో తేలింది. ఒంట్లో శక్తినంతా ముందు రెక్కలకు ఖర్చుపెట్టి, సంతానం సంగతి గమ్యం చేరాక చూసుకుంటాయన్నమాట. అంటే వాన ఎప్పుడొస్తుందన్నది వాటికి ప్రయాణం ముహూర్తం ఒక్కటే కాదు, గర్భధారణ ముహూర్తం కూడా. ఆ వాన రెండేళ్ల తేడాలో రెండు వారాలు ముందుకీ వెనక్కీ ఊగితే ఆ ఒంటి లెక్కలు ఎంతగా సర్దుకోవాలో ఊహించుకోవచ్చు.

అన్నట్టు, ఈ బ్లూ టైగర్ల ప్రజాతికి శాస్త్రవేత్తలు రాసే పేరు తిరుమల. 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఆంగ్లేయుడు పెట్టాడు. మగవాటికి ఇంకో అలవాటుంది. ఎండిపోతున్న జనుము, గిలిగిచ్చ మొక్కల మీద గుంపులుగా వాలి, కాడలు గీరి మరీ రసం పీలుస్తాయి. ఆ రసంలోని చేదు రసాయనమే ఆడదాన్ని మెప్పించే పరిమళానికి ముడిసరుకు. పచ్చిరొట్ట కోసం వేసిన జనుము చేలో నీలి గుంపు కనిపిస్తే రైతు కంగారుపడనక్కర్లేదు, పంటకు నష్టమేమీ ఉండదు.

వలసపోని వాటి బతుకు చూడాలంటే పెరట్లో కరివేపాకు మొక్క చాలు. నలుపు, పసుపు మచ్చల లైమ్ బటర్‌ఫ్లై దాని చుట్టూ తిరుగుతుంటే కాసేపు గమనించండి. ఒక ఆకు మీద వాలి, ముందుకాళ్లతో తట్టి చూస్తుంది. దాని నాలుక పాదాల్లోనే ఉంది. ముదురాకైతే లేచిపోతుంది. లేత చిగురు దొరికితే పొట్ట చివర వంచి ఒకే ఒక్క లేత పసుపు గుడ్డు, ఆవగింజంత, అంటించి వెళుతుంది. కొద్ది రోజుల్లో గుడ్డులోంచి వచ్చే పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అదే దాని రక్షణ. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు వేలితో తాకితే తల వెనకనుంచి ఎర్రటి చీలిక కొమ్ము ఒకటి బయటికి పొడుచుకొచ్చి, ఘాటైన వాసన కొడుతుంది. మొత్తం కథ సుమారు నెల రోజులు. వెచ్చదనం పెరిగితే త్వరగా, చలిలో నిదానంగా. గూడూరు నిమ్మతోటల్లో, నల్గొండ బత్తాయి తోటల్లో దీన్ని ముద్దుగా చూసేవాళ్లు ఎవరూ ఉండరనుకోండి. అక్కడ అది ఆకుతినే పురుగు, లేత తోటకైతే శత్రువే. ఆ రైతును తప్పుపట్టలేం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ నెల రోజుల కథ సాఫీగా సాగడానికి ఎండ ఒక్కటీ సరిపోదు. ఎండ వేళకు చిగురు రావాలి, చిగురు రావాలంటే తడి కావాలి, తడి ఉన్నన్నాళ్లూ పురుగు ఎదగాలి. గొంగళిపురుగు నీళ్లు తాగదు, ఆకులో ఉన్న నీరే దానికి దాహం తీర్చాలి. బెట్టకు ఆకు గట్టిపడితే ఆకలి, దాహం రెండూ ఒకేసారి మీద పడతాయి. 2023 ఆగస్టు గుర్తుందా? దేశంలో 1901 తర్వాత అంత పొడిగా గడిచిన ఆగస్టు ఇంకోటి లేదు. జూలైలో దంచికొట్టిన వానకు చిగురించిన చెట్టూ చేమా, వాటిని నమ్ముకుని గుడ్లు పెట్టిన సీతాకోకలూ ఆ నెలను ఎలా నెట్టుకొచ్చాయో ఎవరూ లెక్క తీయలేదు. మనం వరినాట్ల గురించే మాట్లాడుకున్నాం. అది సహజమే.

రుతువును ముందుగా పసిగట్టి ఒంటినే మార్చుకునే సీతాకోక ఒకటి మన వరిపొలాల్లోనే ఉంది. ఈవెనింగ్ బ్రౌన్ అంటారు. పొద్దువాలాక ఎగురుతుంది, దీపం వెలుగుకు ఇంట్లోకీ వస్తుంది. దాని గొంగళి వరి ఆకు తింటుంది. ఆకుపచ్చని ఒళ్లు, తల మీద రెండు చిన్న కొమ్ములు. వానాకాలంలో పుట్టిన ఈవెనింగ్ బ్రౌన్ రెక్కల అడుగుభాగాన కళ్లలాంటి గుండ్రటి మచ్చలు వరసగా ఉంటాయి. పచ్చగడ్డిలో పొంచి ఉన్న తొండ తలను వదిలేసి ఆ దొంగకళ్లను కొరికితే, పోయేది రెక్క అంచు, దక్కేది ప్రాణం. పొడికాలంలో పుట్టినదానికి ఆ కళ్లు మాయమవుతాయి. రెక్క ఎండుటాకు రంగు తిరుగుతుంది, కొస కొంచెం కొక్కెంలా వంగుతుంది. రాలిన ఆకుల మధ్య కదలకుండా కూర్చుంటే కాలు పడేదాకా అది ఉన్నట్టే తెలీదు. ఒకే తల్లి పిల్లలకు కాలాన్నిబట్టి రెండు జతల బట్టలు.

ఏ బట్టలు తొడుక్కోవాలో ఎప్పుడు తేలుతుంది? రెక్కలు విచ్చుకున్నాక కాదు, పురుగుగా ఉన్నప్పుడే. ఈ ఈవెనింగ్ బ్రౌన్‌కు దూరపు చుట్టమైన ఒక ఆఫ్రికా సీతాకోక మీద పాల్ బ్రేక్‌ఫీల్డ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. పురుగు దశ చివర్లో 27 డిగ్రీల వేడిలో పెంచితే వానాకాలపు కళ్లు వచ్చాయి, 20 డిగ్రీల లోపు చల్లదనంలో పెంచితే ఎండుటాకు రంగు వచ్చింది. ఆ పురుగు లెక్కలో వెచ్చదనం వానకు కబురు, చల్లదనం ఎండుగడ్డికి కబురు. వేల ఏళ్లుగా ఆ కబురు నిజమవుతూ వచ్చింది కనక పురుగు దాన్ని నమ్మింది. వెచ్చదనం పెరిగి, వాన మాత్రం రాకపోతే? ఎండిన గడ్డి మీద, కళ్లు మెరిపిస్తూ, అందరికీ కనబడుతూ కూర్చుంటుంది. తొండకు అంతకంటే ఏం కావాలి?

వాతావరణ మార్పు గురించి మనం మాట్లాడేటప్పుడు వేడి ఎంత పెరిగిందన్న ఒక్క అంకె దగ్గరే ఆగిపోతుంటాం. సీతాకోకల కథ చదివితే అసలు చిక్కు ఆ అంకెలో లేదనిపిస్తుంది. పగటి నిడివి ఒక సాక్ష్యం, వెచ్చదనం ఒక సాక్ష్యం, తొలకరి ఒకటి, చిగురు ఒకటి. ఇన్నాళ్లూ ఇవన్నీ ఒకే మాట చెప్పాయి. ఇప్పుడు తలో మాట చెబుతున్నాయి. పగటి నిడివి సూర్యుడిది, అది మారదు. మిగతావి మారిపోతున్నాయి. కార్తెలను నమ్ముకుని సేద్యం చేసిన మన తాతలకు ఈ ఇబ్బంది వివరించి చెప్పాల్సిన పని లేదు. కార్తె నక్షత్రం లెక్క, వాన మబ్బు లెక్క. రెండూ కలిసినన్నాళ్లే సామెత చెల్లింది.

పశ్చిమ యూరప్‌లో వాల్ బ్రౌన్ అనే సీతాకోక ఉంది. ఒకప్పుడు ఇంగ్లండు, బెల్జియం పల్లెల్లో ఎక్కడపడితే అక్కడ కనిపించేది. కొన్ని దశాబ్దాలుగా లోపలి ప్రాంతాల్లో మాయమవుతూ, సముద్రం గట్టున చల్లటి చోట్ల మాత్రం నిలదొక్కుకుంది. ఎందుకిలా అని ఆరా తీసిన హాన్స్ వాన్ డైక్ బృందం 2015లో ఒక వాదన ముందుకు తెచ్చింది. ఏడాదికి రెండు తరాలతో సరిపెట్టుకునే ఈ పురుగుకు, లోపలి ప్రాంతాల్లో శరత్తు కూడా వెచ్చగా ఉండటంతో, మూడో తరాన్ని కనేయొచ్చన్న ఆశ పుడుతుంది. కంటుంది. ఆ మూడో తరం పిల్లలు ఎదిగేలోపు చలి విరుచుకుపడుతుంది. తిండి ఉండదు, చలిని దాటే దశకు చేరి ఉండవు. వెరసి మరుసటి వసంతానికి మిగిలేదేమీ ఉండదు. వెచ్చదనం చంపలేదు, ఆశపెట్టి మోసం చేసింది. ఆ పరిశోధకులు ఆ పిల్లలను దారితప్పిన తరం అన్నారు.

అమెరికా పడమటి తీరంలో ఎడిత్స్ చెకర్‌స్పాట్‌ది దీనికి తిరగేసిన కథ. ఆ సీతాకోక పురుగు తినే చిన్న మొక్కలు వసంతంలో మొలిచి ఎండాకాలానికి వాడిపోతాయి. మొక్క వాడేలోగా పురుగు నిద్రకు ఉపక్రమించేంత ఎదగాలి. ఏటా అది ఒక పరుగుపందెం. ఎండ ముదిరిన చోట్ల మొక్క ముందే వాడిపోతోంది. కామిల్ పార్మెసాన్ అనే పరిశోధకురాలు మెక్సికో నుంచి కెనడా దాకా పాత రికార్డుల్లోని చోట్లన్నీ తిరిగి చూసి, 1996లో ఫలితం ప్రకటించారు. దక్షిణాన మెక్సికోలో ఈ సీతాకోక కనుమరుగైన తావులు, ఉత్తరాన కెనడాతో పోలిస్తే నిష్పత్తిలో నాలుగు రెట్లు. మూడేళ్ల తర్వాత ఆమె, మరికొందరు కలిసి యూరప్‌లో 35 జాతులను పరిశీలిస్తే, వాటిలో 63 శాతం ఒక్క శతాబ్దంలో 35 నుంచి 240 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి జరిగాయి. ఉత్తరానికి జరిగే వెసులుబాటు అక్కడివాటికి ఉంది. తూర్పు కనుమల సీతాకోక ఉత్తరానికి జరిగితే ఎక్కడికి పోతుంది? మైదానంలోకి, ఇంకా వేడిలోకి. పైకి పోదామంటే మన కొండలు హిమాలయాలు కావు. పైగా ఉష్ణమండలపు కీటకాలు తట్టుకోగల వేడికి అంచుల్లోనే బతుకుతున్నాయని, కొద్దిపాటి పెరుగుదల కూడా వాటికే ఎక్కువ చేటని 2008 నుంచీ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు.

అలాగని ప్రతి తగ్గుదలనూ వాతావరణం ఖాతాలో వేసేయడం మాకు నచ్చదు. గట్ల మీద కలుపుమందు కొట్టి జిల్లేడు, తంగేడు మాడ్చేది మబ్బులు కాదు, మనమే. జిల్లేడు లేకపోతే ప్లెయిన్ టైగర్ సీతాకోక లేదు. గాడిదగడపాకు పెరికేస్తే క్రిమ్సన్ రోజ్ లేదు. అమెరికాలో 2000 నుంచి 2020 వరకు సీతాకోకల మొత్తం సంఖ్య 22 శాతం పడిపోయిందని 2025 మార్చిలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. 554 జాతుల లెక్క అది. కారణాల్లో పురుగుమందులు, తరిగిపోతున్న ఆవాసాలు, వాతావరణం మూడూ ఉన్నాయి. ఈ మూడింటినీ విడదీసి ఎవరి వాటా ఎంతో చెప్పడం అన్నిచోట్లా కుదిరే పని కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సీతాకోకల సంఖ్య ఏటికేడు విపరీతంగా ఎగిరి పడుతుంటుంది. ఒక మంచి తొలకరి పడి, రేల, తంగేడు చిగురిస్తే, లేత పసుపు రంగు ఎమిగ్రెంట్ సీతాకోకలు నెల తిరిగేసరికి జాతీయ రహదారి మీద కార్ల అద్దాలకు కొట్టుకునేంతగా పుడతాయి. వాటి పురుగులను తినే కందిరీగ జాతులు కాస్త ఆలస్యంగా పుంజుకుంటాయి. పుంజుకున్నాక మరుసటి విడతలో సీతాకోకలు చిక్కిపోతాయి. అబ్బో ఈ ఏడాది ఎన్నో అనుకున్నవాడూ, అయ్యో ఈ ఏడాది ఒక్కటీ లేదనుకున్నవాడూ చూసింది ఆ ఊగిసలాటలో ఒక కొసనే. మా చిన్నప్పుడు తోటనిండా ఉండేవి అనే పెద్దల మాటను కొట్టిపారేయలేం, దాన్నే లెక్కగా తీసుకోనూ లేం.

లెక్క అంటే బ్రిటన్‌వాళ్ల లెక్క. 1976లో ఎర్నీ పొలార్డ్ అనే శాస్త్రవేత్త పూనికతో మొదలైంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, ఒకే దారిలో, ఒకే నడకతో వెళ్లాలి. అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ఎదుట ఐదు మీటర్లు. ఆ పరిధిలో కనిపించినవే లెక్క, ఆవల ఎంత అందమైనది ఎగిరినా లెక్కలోకి రాదు. అంతే, ఇంతకుమించి యంత్రం, ప్రయోగశాల ఏమీ అక్కర్లేదు. చేసేవాళ్లలో అత్యధికులు మామూలు మనుషులు. ఆ 1976 ఎండలకు, కరవుకు పేరుపడ్డ ఏడు. ఆ వేసవిలో సీతాకోకలు విరగబడ్డాయి, పురుగులకు ఆకు మిగలక మరుసటి ఏడాది చాలా జాతులు కుప్పకూలాయి. ఒక్క వేసవి చూసి నిర్ణయాలు చేయకూడదన్న పాఠం మొదటి రెండేళ్లలోనే దొరికింది. ఆ వరస లెక్కలనుబట్టే, ఒక డిగ్రీ వేడి పెరిగితే చాలా జాతులు రెండు నుంచి పది రోజులు ముందుగా బయటికొస్తాయని 2000 నాటికి చెప్పగలిగారు. ఇదిగాక పావుగంట లెక్క ఇంకోటి ఉంది, జూలై ఆగస్టుల్లో తోటల్లో కూర్చుని చేసేది. 2024లో వసంతమంతా తడిసి ముద్దయ్యాక, ఆ పావుగంటకు సగటున ఏడే కనిపించాయి. పద్నాలుగేళ్లలో అదే అతి తక్కువ. మరుసటి ఏడాది ఎండ కాసేసరికి లెక్క కొంత తేరుకుంది.

పొలార్డ్ నిబంధనల్లో ఒకటి మనకు నవ్వు తెప్పిస్తుంది. 13 డిగ్రీలకు తగ్గితే లెక్కించకూడదట, చలికి సీతాకోకలు ఎగరవు కనక. మన దగ్గర ఆ నిబంధన ఆదిలాబాద్, లంబసింగిల్లో శీతాకాలపు తెల్లవారుజాముకు తప్ప పనికిరాదు. మనం రాసుకోవాల్సింది పై హద్దు. మే నెల మధ్యాహ్నం సీతాకోక కనబడలేదంటే లేదని కాదు, ఆకు చాటున నీడ పట్టుకుందని. మన లెక్క పొద్దున్నే జరగాలి, ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబరులో ఆగిపోకూడదు, తొలకరి నుంచి సంక్రాంతి దాటేదాకా సాగాలి.

మన దగ్గర పునాది లేకపోలేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జె.బి. అట్లూరి, సి. సుబ్బారెడ్డి, ఎస్.పి. వెంకటరమణ వంటివారు మన సీతాకోకల గుడ్డు నుంచి రెక్క దాకా ప్రతి దశనూ, అవి తినే ఆకునూ ఓపికగా నమోదు చేశారు. కేరళలోని ఆరళం అడవిలో వలసలను ఏటా లెక్కిస్తున్నారు. 2020 నుంచి ఏటా సెప్టెంబరును దేశమంతటా సీతాకోకల మాసంగా పాటిస్తున్నారు, ఫోటో తీసి పంపినవారంతా అందులో భాగస్వాములే. లేనిదల్లా ఒకే గట్టు మీద, ఒకే మనిషి, ఇరవై ముప్పై ఏళ్లు విడవకుండా నడిచిన నడక. ఉద్యోగి బదిలీ అవుతాడు, ప్రాజెక్టు నిధులు మూడేళ్లకు అయిపోతాయి, విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఊళ్లో ఉండిపోయేది రిటైరైన మాస్టారు, పెరడున్న ఇల్లాలు, తోటకు కాపలా ఉండేవాడు. వర్షపాతం రోజూ చూసి రాసుకునే మండల కేంద్రాలు ఎలాగూ ఉన్నాయి. ఆ అంకె పక్కన ఈ అంకె కూడా ఉంటే చిగురుకూ వానకూ మధ్య ఎన్ని రోజులు ఎడమైందో మన లెక్కల్లోనే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో ఆర్థర్ షపీరో అనే ఆచార్యుడు 1972లో ఇలాంటి నడకే మొదలుపెట్టి, సియెరా నెవాడా కొండల మీదుగా పది చోట్లను దశాబ్దాల తరబడి రెండేసి వారాలకోసారి చుట్టివచ్చారు. జనాన్ని కలుపుకోవడానికి ఆయన ఒక పందెం పెట్టారు. తన చుట్టుపక్కల మూడు జిల్లాల్లో, కొత్త సంవత్సరంలో మొట్టమొదటి క్యాబేజీ సీతాకోకను పట్టి తెచ్చినవారికి ఒక కూజా బీరు. చాలాసార్లు ఆయనే గెలిచి ఊరుకున్నారనుకోండి. పందెం సరదాకే గానీ, ఏటా ఆ తొలి సీతాకోక తేదీ మాత్రం కచ్చితంగా నమోదవుతూ వచ్చింది. ఆ తేదీల వరస చూస్తే చాలు, చలికాలం ఎలా కుదించుకుపోతోందో తెలుస్తుంది. మన ఊళ్లలో అలాంటి పందెం పెట్టదలిస్తే తంగేడు మీద తొలకరి తర్వాతి మొదటి పసుపు సీతాకోకను ఎంచుకోవచ్చు. బహుమానానికి వెతుక్కోనక్కర్లేదు, అది కొత్తావకాయ ఊరే కాలం.